మా అమ్మ కలుపు తీసిన హైటెక్ తోట

బండరాళ్ల గుర్తుతో దారి చెప్పే కాలం అది. మాదాపూర్‌లో ఫలానా కంపెనీ ఎక్కడని అడిగితే "గా ఏనుగు లెక్క బండ దాటినంక, ఒకదాని మీద ఒకటి రెండు గుండ్లు కనబడ్తయి, ఆడికెళ్లి ఎడమకు" అనేవారు. మనం వెళ్లేసరికి ఆ రెండు గుండ్లలో పైది కంకరగా మారి లారీ ఎక్కేసి ఉండేది. తొంభైల చివరి సంవత్సరాలు. పొద్దున రాళ్లు పేల్చే చప్పుడు, మధ్యాహ్నం దుమ్ము, సాయంత్రానికి ఎక్కడో ఒకచోట కొత్త అద్దాల గోడ. ఆ గోడల లోపల కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ల గురించి చాలామంది రాశారు. వాళ్లు తాగిన కాఫీ గురించి కూడా రాశారు. ఆ గోడల బయట మట్టిలో కూర్చుని మొక్కలు నాటినవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు. అందుకని నేనే రాస్తున్నాను. (రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమాటకొస్తే డిగ్రీ చదవమని కూడా నన్నెవరూ అడగలేదు.)

మాది అనంతపురం వైపు. వాన పడితే వేరుశెనగ, పడకపోతే ఆకాశం, ఈ రెండే పంటలున్న ఊరు. మా వంశంలో పదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషిని నేనే, ఇంక డిగ్రీ సంగతి చెప్పనక్కర్లేదు. తోటల పెంపకంలో డిగ్రీ పాసయ్యానని ఊరంతా తిరిగి చెబుతుంటే, ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "మొక్క నాటేది నేర్చుకునేదానికి నాలుగేండ్లు పట్టిందా పాపా" అన్నాడు. నేను నొచ్చుకోలేదు. ఆ వయసులో నాకు నొచ్చుకునే తీరిక లేదు, ప్రపంచానికి చెప్పాల్సిన కబుర్లు కడుపునిండా ఉండేవి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చినరోజు ఎస్టీడీ బూత్ నుంచి ఊళ్లో శెట్టిగారి అంగడికి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. ఆవిడ ఆయాసపడుతూ వచ్చి "ఎవరికేమైంది" అని అడిగేలోపలే హైటెక్ సిటీ, అద్దాల కంపెనీ, నా పేరు కింద "ల్యాండ్‌స్కేప్ ట్రైనీ" అని అచ్చేసిన కార్డు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అమ్మకు అందులో పట్టింది ఒక్కటే. "అంటే ఇంగ నీకు ఎండలో పని ల్యా కదా" అంది. లేదన్నాను. (ఉద్యోగం కోసం తిరిగి తిరిగి అప్పటికే నా ముఖం మాడిన జొన్నరొట్టె రంగుకు తిరిగింది. ఫోన్‌లో రంగు తెలియదు, అదొక సదుపాయం.)

నన్ను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్‌ది గోదావరి వైపు. కూలీలు ఆయన్ను చాటుగా "గడ్డి సార్" అనేవారు. ఆయనకు పచ్చిక అంటే ప్రాణం. కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి, నీళ్లు అయిపోవడం అనే సంగతి ఒకటుందని వినడమే తప్ప నమ్మినట్టు లేడు. "చూడమ్మాయ్, బిల్డింగు పెళ్లికొడుకు అనుకో, లాను పట్టుపంచె. పంచె లేకుండా పెళ్లికొడుకుని పీటల మీద కూర్చోబెడతామా, నువ్వే చెప్పు" అనేవాడు. ఆ పట్టుపంచె తడపడానికి రోజూ పొద్దున్నే ట్యాంకర్లు వరస కట్టేవి. బోర్లు ఎప్పుడో ఎండిపోయాయి. లోపల ఉద్యోగులు చేతులు కడుక్కోవడానికి కొళాయి తిప్పితే గాలి వచ్చేది, బయట గడ్డి మాత్రం రెండుపూటలా స్నానం చేసేది. బిందెడు నీళ్ల కోసం మైలు నడిచిన ఊరి పిల్లను, గడ్డికి అంత రాజభోగం చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆదివారాలు గచ్చిబౌలి గుట్టల మీదకు వెళ్తే, బండల సందుల్లో ఎవరూ చుక్క నీళ్లు పోయకుండానే తంగేడు పచ్చగా పూసి ఉండేది. వెంపలి, బలుసు, పరికి, నేలకు అంటుకుని నీలం చుక్కల్లా పూసే విష్ణుక్రాంత, అన్నీ అక్కడే, అన్నీ ఉచితం. ఈ నేల తనంతట తాను పెంచుకుంటున్న తోటను తవ్వి పారేసి, దాని మీద మనం అప్పు తెచ్చుకున్న పచ్చరంగు పూస్తున్నామని నాకు అనిపించింది. అనిపించిందాన్ని దాచుకునే అలవాటు నాకు లేదు. రోజూ చెప్పాను. టిఫిన్ తింటున్నప్పుడు చెప్పాను, మేస్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు చెప్పాను, ఒకసారి ఆయన పంటి నొప్పితో దవడ పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా చెప్పాను.

చివరికి నా పోరు పడలేక గేటు పక్కనున్న ఒక వాలు నాకు వదిలేశాడు. పరిచిన ప్రతిసారీ లాను చచ్చిపోయిన చోటు అది, కాబట్టి ఆయనకు పోయేదేమీ లేదు. "ఏడాది టైమిస్తున్నానమ్మా. కంపెనీవాళ్లు చూసి బాగుందంటే నిన్ను పర్మినెంట్ చేస్తా, కొత్త బ్లాకు ముందర జాగా కూడా నీ చేతికే ఇస్తా. బాగోలేదన్నారనుకో, ఏమనుకోకు మరి, మీ ఊళ్లో కూడా మొక్కలుంటాయి కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఊళ్లో నా తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పై చదువుల పేరు ఎత్తుతున్నారు. నేను పెట్టె పట్టుకుని బస్సు దిగితే వాళ్ల ఇళ్లలో ఏమంటారో నాకు తెలుసు. "ఆ పాప సదివి ఏం పీకింది" అంటారు. (ఆ మాట ఇంకో రకంగా నిజమవుతుందని అప్పుడు తెలియదు.)

గుట్టల మీద గింజలేరి, సంచుల్లో మొలిపించి, తొలకరికి వాలంతా నాటించాను. నాతో పనిచేసింది పాలమూరు నుంచి వచ్చిన ఆడకూలీలు. వాళ్ల పెద్దను అందరూ పాలమూరక్క అనేవాళ్లు. నా మొక్కలు చూసి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మేడం, గివి మా ఊర్ల మేకలు గూడ ముట్టయి. గివి పెంచనీకె జీతమిస్తున్నరా నీకు" అంది. "ఇస్తున్నారక్కా." "ఎంత సదివినవ్ దీనికి?" చెప్పాను. కొంగు ఇంకాస్త నొక్కుకుంది. కానీ చేతులు మాత్రం ఆగలేదు, బండల మధ్య నేను చూపించినచోటల్లా గుంట తీసి నాటింది. చలికాలం వచ్చేసరికి ఆ వాలు పసుపూ కుంకుమల్లే వెలిగింది. తంగేడు పూసింది, గునుగు కంకులు తెల్లగా గులాబీగా ఊగాయి. ఆఫీసు నుంచి కొందరు బయటికొచ్చి చూసిపోయారు కూడా. ఆ వారంలోనే కంపెనీ పెద్దలు వచ్చి చూసి ఉంటే నా కథ ఇక్కడితో అయిపోయేది, మీకు కూడా చదివే శ్రమ తప్పేది. కానీ కంపెనీ తరఫున చూడాల్సిన పెద్దమనిషి మిలిటరీలో చేసి రిటైరైనాయన, ఎప్పుడూ టోపీ తీయడు కాబట్టి టోపీ సార్ అనేవాళ్లం. ఆయనకు వైశాఖంలో తీరింది. వైశాఖానికి మెట్ట మొక్కలు ఎలా ఉంటాయో మెట్టప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. పువ్వు ఉండదు, ఆకు సగం రాలుతుంది, కొమ్మలు చిక్కుపడిన జుట్టులా నిలబడతాయి. బతికే ఉంటాయి, కానీ బతికున్న కళ ఉండదు. నేను అదే నా వాదనగా తయారుచేసుకున్నాను. ఇంగ్లీషులో చాలా వాక్యాలు బట్టీ పట్టాను.

సరిగ్గా ఆ వారంలోనే అమ్మ వచ్చింది. చేలో పని లేని రోజులు, పాప ఉద్యోగం కళ్లారా చూసిపోదామని. జీడిమెట్లలో నేనుంటున్న చిన్నాన్నవాళ్ల ఇంట్లోనే దిగింది. టోపీ సార్ వచ్చే రోజు పొద్దున్నే ఆవిణ్ణి కూడా వెంటపెట్టుకుని బస్సెక్కాను. ఎందుకు తీసుకెళ్లానంటే, నేను గెలుస్తుంటే చూడటానికి ఒక మనిషి కావాలి కదా. దారిపొడవునా "నేను పెంచిన తోట, నేను పెంచిన తోట" అని ఊదరగొట్టాను. తోటలో ఏమేం మొక్కలున్నాయో మాత్రం చెప్పలేదు, చూసి ఆశ్చర్యపోవాలని. తీరా గేటు దగ్గర దిగామో లేదో గడ్డి సార్ నుంచి పిలుపు. వాలు పక్కనే ఉన్న వేపచెట్టు కింద అమ్మను కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండమ్మా, నేనొచ్చి తోట చూపిస్తా" అని చెప్పి లోపలికి పరుగెత్తాను.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. కలుపు తీయడంలో ఆవిడకు చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. అమ్మ తీసిన సాలులో కలుపు మొక్కే కాదు, దాని జ్ఞాపకం కూడా మిగలదనేవారు. పెళ్లికి పోతూ దారిలో పరాయివాళ్ల చేలో కూడా నాలుగు మొక్కలు పీకి గట్టు మీద పారేసిపోయే రకం. అలాంటి మనిషి వేపచెట్టు కింద కూర్చుని చూస్తే ఏం కనపడింది? రోడ్డుకు అటువైపు గడ్డి సార్ వేసిన లాను, చుట్టూ ఈతచెట్లకు పట్నం బుద్ధి వచ్చినట్టున్న పొడుగాటి చెట్లు. అదే పాప తోట అనుకుని మురిసిపోయింది. ఇటువైపు, తన కాళ్ల దగ్గర, వాలు నిండా ఎండిపోయిన వెంపలి, తంగేడు, పరికి. పాప తోటకు ఆనుకుని ఇంత కలుపు. పైగా పెద్దవాళ్లు చూడటానికి వస్తున్న రోజు.

తర్వాత జరిగింది పాలమూరక్క ఎన్నోసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ అమ్మ గొంతుతోనే చెప్పింది.

"ఏం మ్మా, అట్ల చూస్తా కూర్చున్నారే. దొరలు వస్తాండారంట. ఈ కలుపు చూస్తే మా పాప పరువేం కావాల?" అందట అమ్మ.

"అమ్మా, గివి మేడమే పెట్టిచ్చింది."

అమ్మ నవ్విందట. "మా పాప నాలుగేండ్లు సదివింది మ్మా. వెంపలి చెట్టు నాటుతాదా?"

పాలమూరక్కకు కూడా ఏడాదిగా అదే అనుమానం. ఆ ఆఫీసులో నిన్న వేసిన అరుగు ఇవాళ పగలగొట్టడం మామూలే కాబట్టి, "మేడమే మనసు మార్చుకుని అమ్మను తోలిచ్చిందేమో" అనుకుందట. తలా ఒక కొడవలి తీసుకున్నారు. ఎండకు నేల బండలా గట్టిపడి ఉంది, పీకితే వేళ్లు రావడం లేదు. కాబట్టి మొదలంటా కోసేస్తూ పోయారు. వేళ్లు మిగిలిపోతున్నాయని అమ్మ చాలా బాధపడిందట. "ఇట్ల కోస్తే అది కలుపు తీసినట్టు కాదు, గడ్డం గీసినట్టు" అని సణుగుతూనే, అందరికంటే ముందు సాలులో తనే ఉందట.

నేను గడ్డి సార్‌తో, టోపీ సార్‌తో కలిసి మూల తిరిగాను. "దిస్ ఈజ్ ఎ లివింగ్ ఎగ్జాంపుల్" అనే వాక్యం సగంలో ఉంది. ఎదురుగా నున్నటి ఎర్రటి వాలు. నల్లబండలు తుడిచినట్టున్నాయి. ఎక్కడా ఒక్క పరక లేదు. మట్టిని ఊడ్చి, పైన కాసిని నీళ్లు కూడా చల్లారు. ఒక పక్కన నా ఏడాది కష్టం ఒక కుప్ప. ఆ కుప్ప పక్కన అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, వెలిగిపోతూ.

"సూడు పాపా, ఎట్లుండాదో. మీరొచ్చేలోపల అయిపోవాలని గబగబా చేసినాం" అంది.

గడ్డి సార్ నా చెవి దగ్గరికి వంగాడు. "తోటేదమ్మాయ్?"

కుప్పను చూపించాను. ఇంకేం చూపించను.

టోపీ సార్ చేతులు వెనక్కి కట్టుకుని వాలును పైనుంచి కిందికి చూశాడు. "నేటివ్ గార్డెన్ అంటివి గదమ్మా. నేటివ్ మట్టి చూపిస్తున్నవా ఏంది" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఏం తీసిండ్రు మీరిక్కడ?" అని అడిగాడు.

పెద్దమనిషి తన పని గురించి అడిగేసరికి అమ్మ పొంగిపోయింది. "కలుపు సామీ. తంగేడు, వెంపలి, పరికి, ఒగటా రెండా. పాడు చెట్లు. నీళ్లు పోయకపోయినా చావవు. మేకలు ముట్టవు, కాల్చినా మల్లా మొలుస్తాయి. కరువొస్తే మేము ఊరిడిసి కూలికి పోయినాం గానీ ఇవి మాత్రం ఆడ్నే ఉన్న్యాయి, అంగుళం కదల్లా. పెండ్లయినకాడ్నుంచీ వీటితోనే కొట్లాట. ఒక్క ఏడు గూడా నేను గెలిచింది ల్యా."

టోపీ సార్ రోడ్డు అవతల వరసలో నిలబడ్డ ట్యాంకర్లను చూశాడు. ఆ వారమే ఆఫీసులో నీళ్ల కోసం గొడవైందని, ఆయనే వెళ్లి సర్దిచెప్పాడని నాకు తెలుసు. ఆ చూపు నేను పట్టుకున్నాను. ఇంగ్లీషు వాక్యాలు ఎటు పోయాయో పోయాయి, కుప్పలోంచి ఒక తంగేడు కొమ్మ తీసి చేత పట్టుకుని మాట్లాడాను. "సార్, కోసింది పైభాగమే, వేళ్లు లోపలే ఉన్నాయి. వానలు పడేదాకా ఆగండి. చుక్క నీళ్లు పోయను, ఎరువు వేయను, కొత్త మొక్క ఒక్కటి నాటను. అవే మళ్లీ మొలిస్తే వాలు ఉంచండి. మొలవకపోతే లాను పరిపించండి, నేను మా ఊరి బస్సు ఎక్కుతాను."

"బస్సు ఎక్కడానికి వానల దాకా ఎందుకమ్మా" అని గడ్డి సార్ గొణిగాడు.

నా కష్టం చూసి అమ్మ ధైర్యం చెప్పడానికి ముందుకొచ్చింది. "మొలుస్తాయని భయపడాకండి సామీ. వానకు నేల మెత్తగైనాక నేనే మల్లా వచ్చి వేర్లతో సహా తవ్విపోతా."

టోపీ సార్ అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. "మంచిది, వానలు పడినంక చూద్దాం" అని నాతో చెప్పి, గడ్డి సార్ వైపు తిరిగి, "గప్పటిదాక ఈ అమ్మను మాత్రం గేటు లోపలికి రానియ్యకుండ్రి" అన్నాడు.

వాళ్లు వెళ్లాక వేపచెట్టు కింద కూర్చుని అమ్మకు నిజం చెప్పాను. ఆవిడ నమ్మడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు నాటినావా? వెంపలి? దుడ్డిచ్చి మరీ నాటించుకుంటారా?" అని తిప్పితిప్పి అడిగింది. నేను తలూపిన ప్రతిసారీ ఆవిడ ముఖంలో రంగు కొంచెం కొంచెం దిగిపోయింది. మొలవకపోతే ఉద్యోగం ఉండదని తెలిశాక లేచి కుప్ప దగ్గరికి వెళ్లి, కోసిన కొమ్మలు తీసి మళ్లీ మట్టిలో గుచ్చడం మొదలుపెట్టింది. పాలమూరక్క వచ్చి చేయి పట్టుకుంది. "అమ్మా, గిట్ల గుచ్చితె బతుకుతదా. ఫికర్ జెయ్యకు, అవి మొండియి. నీ బిడ్డ లెక్కనే" అంది. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు బస్సెక్కించడానికి వెళ్తే కిటికీలోంచి నా చేయి పట్టుకుని, ఊరి అమ్మవారికి మొక్కుకున్నానని చెప్పింది. ఆ కలుపు మళ్లీ మొలిస్తే టెంకాయలు కొట్టి, మేకపోతునిస్తుందట. పెళ్లయిన నాటి నుంచీ "తల్లీ ఈ కలుపు పీడ వదిలించు" అని తప్ప ఇంకోమాట అడగని మనిషి ఇప్పుడు ఇలా అడిగితే, ఆ దేవత ఎంత తికమకపడి ఉంటుందో అని బస్సు కదిలాక నాకు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం ఏడుపు కూడా వచ్చింది. చెప్పేశాను కాబట్టి దాచడం ఎందుకు.

ఆపైన రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారే, అది. నేను చుక్క నీళ్లు పోయనన్న మాటకు కాపలా కాశాను. ట్యాంకర్ కారుతూ వాలు పక్కనుంచి పోతే డ్రైవర్‌ను ఆపి ఇంకో దారిలో తిప్పించాను. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న టిఫిన్ డబ్బా కడిగి నీళ్లు అటు పారబోస్తే గొడవ పెట్టుకున్నాను. "మేడం, జర చెంబెడు పోద్దామా, ఎవలకు ఎరుక" అని పాలమూరక్క రోజూ అడిగేది. నాకు ఎరుక కదక్కా అనేదాన్ని. గడ్డి సార్ అయితే టేపు తెచ్చి వాలు కొలిపించాడు. "ఊరికే కొలుస్తున్నామమ్మా, కొలతలకి ఏం దోషం లేదు కదా" అన్నాడు. చుట్టచుట్టిన పచ్చిక చాపలు నీడలో తెచ్చి పెట్టించాడు, వాటికి రెండుపూటలా నీళ్లు. అవి పచ్చగా నా వైపు చూస్తూ ఉండేవి. నేను ఎర్రటి వాలు మీద గొంతుక్కూర్చుని ఒక్కో మోడునూ వేలితో తడిమి చూసేదాన్ని. కంప్యూటర్ ఉద్యోగులు టీ తాగడానికి వచ్చి, ఈ పిల్లకేదో పోయినట్టుంది, వెతుక్కుంటోంది అనుకునేవాళ్లు.

మృగశిర వచ్చింది, వాన రాలేదు. అమ్మ శెట్టిగారి అంగడి నుంచి ఫోన్ చేయించి "మొలిచినాయా" అని అడిగేది. ఊళ్లో వాళ్లకు ఇది పెద్ద వింతైపోయింది, కలుపు మొలవలేదని దిగులుపడే రైతు మనిషిని వాళ్లెప్పుడూ చూసి ఉండరు. చివరికి ఒక సాయంత్రం మబ్బు కమ్మి దబదబా కొట్టింది. బండల మీదనుంచి ఎర్రనీళ్లు పారాయి. నేను గొడుగు వేసుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాను. ఆ తర్వాత కొన్ని రోజులు ఏమీ లేదు. మొదట తలెత్తింది గరిక, తుంగ. పాలమూరక్క కొడవలి పట్టుకొచ్చి నా ముందు నిలబడింది. "మేడం, ఇది కలుపా, మొక్కనా? ఇగ నిన్ను అడగకుండ ఏది ముట్టనీకె చెయ్యొస్తలేదు." నేను కూడా కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. కలుపుమొక్కల తోటలో కలుపు అంటే ఏదో డిగ్రీలో మాకు చెప్పలేదు.

అప్పుడు వచ్చాయి. ఒక ఉదయం బస్సు దిగి వాలు దగ్గరికి వెళ్తే, నల్లగా ఎండిన తంగేడు మోడు చుట్టూ లేత చిగుళ్లు. ఒకటి కోసినచోట నాలుగైదు. పక్కదానికి, దాని పక్కదానికి. పరికి, బలుసు, వెంపలి, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి పంతం పట్టినట్టు లేచాయి. విష్ణుక్రాంత బండల అంచులకు నీలం అంచు వేసింది. గునుగు అయితే నిరుడు రాలిన గింజ ప్రతిదీ మొలిచింది. టోపీ సార్ వచ్చేసరికి మట్టి కనపడటం లేదు. ఆయన వాలు చుట్టూ నడిచి, బూటుతో ఒక పొదను మెల్లగా కదిపి చూసి, "మొదలు గూడ ఇంత ఒత్తుగ ఉండెనా?" అన్నాడు. లేదు సార్, మొదలంటా కోసినందుకు ఇంకా గుబురుగా వచ్చాయని చెప్పాను. ఆయన టోపీ సర్దుకున్నాడు. "అయితె ఏడాదికొకసారి మీ అమ్మను పిలిపియ్యాలె. రానుపోను కిరాయి కంపెనీ ఇస్తది" అన్నాడు. గడ్డి సార్ వెంటనే ముందుకొచ్చి, "నే ముందే చెప్పానండి, మా అమ్మాయి గట్టిదని" అన్నాడు. అనడమే కాదు, మాట నిలబెట్టుకున్నాడు. పర్మినెంట్ చేశాడు, కొత్త బ్లాకు ముందర జాగా ఇచ్చాడు. పచ్చిక చాపలు మాత్రం ఇంటికి తీసుకెళ్లి డాబా మీద పరుచుకున్నాడని విన్నాను.

బూత్‌కు పరుగెత్తాను. శెట్టిగారు అమ్మను పిలిపించేదాకా కాలు నిలవలేదు. అవతల ఆయాసం వినపడగానే, "అమ్మా, మొలిచినాయి, అన్నీ మొలిచినాయి, ముందుకంటే బాగా మొలిచినాయి, పర్మినెంట్ చేసినారు" అన్నాను.

"మన చేలో గూడా మొలిచినాయి పాపా" అంది అమ్మ. "వేరుశెనగ కనపడల్యా. యాడ మొలిపించాల్నో అమ్మవారికి చెప్పేది మర్చిపోతి. కలుపు మొలవాల తల్లీ అంటినా, ఆ యమ్మ దగ్గర్లో ఏ చేను ఉంటే అది చూసుకుంది."

"మరి మొక్కు?"

"తీర్చకుంటే ఎట్ల? పోతునిచ్చినాం. టెంకాయ కొట్టి, మల్లా పోయి కలుపు తీస్తాండా." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, పక్కన శెట్టిగారికి వినపడకూడదన్నట్టు చెప్పింది. "గట్టు మీద తంగేడు మాత్రం ముట్టల్యా. అందరూ పీకమంటాండారు. ఎట్ల పీకేది పాపా, అది నీ ఉద్యోగం కదా."

రిసీవర్ పెట్టేసి బూత్ బయటికొచ్చి, ఈ కబురు చెప్పడానికి ఇంకెవరైనా దొరుకుతారేమోనని రోడ్డుకు అటూ ఇటూ చూశాను. గోళ్ల నిండా ఎర్రమట్టి, చెవిలో అమ్మ గొంతు, చేతిలో ఎవరూ అడగని ఆ ట్రైనీ కార్డు. చివరికి సోడా బండి దగ్గర నిలబడ్డ ఒక పరాయి మనిషికి మొత్తం చెప్పాను, ఆయన సోడా తాగుతూ ఓపిగ్గా విన్నాడు. ఇప్పుడు నేను పెద్దదాన్నయ్యాను, మెట్టమొక్కలు నాటించమని నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు, వాళ్లతో నెమ్మదిగా, అవసరమైనంతే మాట్లాడతాను. ఒక్కోసారి మాటల మధ్యలో అప్పటి నేను, ఆ వాగుడు పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎక్కడైనా ఎదురుపడితే పనులన్నీ ఆపుకుని, ఒక సోడా కొట్టించుకుని, ఆ కబురంతా మళ్లీ మొదటినుంచీ చెప్పించుకుందును.